యాంగ్‌చెన్ ల్హామో ‘కమింగ్ హోమ్’: పెట్టిన డబ్బుకి తగ్గ ఆల్బమేనా?

నేను ఈ టిబెటన్ గాయని పాట దాకా వచ్చిన దారి వింటే నవ్వుతారు. టిబెట్ మీద ప్రేమతో కాదు, బౌద్ధం మీద ఆసక్తితో అసలే కాదు, మన పాలకొల్లు కుర్రాడి పుణ్యాన వచ్చాను. మాండొలిన్ శ్రీనివాస్ 1995లో మైకేల్ బ్రూక్ అనే కెనడా గిటారిస్టుతో కలిసి ‘డ్రీమ్’ అని ఒక ఆల్బమ్ చేశాడు. ఇంగ్లండులో పీటర్ గేబ్రియల్ అనే రాక్ గాయకుడు మొదలుపెట్టిన రియల్ వరల్డ్ రికార్డ్స్ దాన్ని వేసింది. సభల్లో శ్రీనివాస్‌ని విన్న పెద్దవాళ్ళకి ఆ ఆల్బమ్ పెద్దగా నచ్చదు, మా మేనమామైతే ‘ఇందులో మన వాడెక్కడ’ అని వెతుక్కున్నాడు. నాకు మాత్రం అదంటే పిచ్చి. దాంతో అదే కంపెనీ వేసినవన్నీ ఒక్కొక్కటిగా తవ్వుకుంటూ పోయాను. ఖవ్వాలీ పాడే నుస్రత్ ఫతే అలీ ఖాన్ అయిపోయాక తగిలింది యాంగ్‌చెన్ ల్హామో.

ఈ రివ్యూ 1998లో వచ్చిన ‘కమింగ్ హోమ్’ గురించి. కానీ దానికి రెండేళ్ళ ముందు, 1996లో వచ్చిన ‘టిబెట్, టిబెట్’ సంగతి చెప్పకుండా దీని గురించి మాట్లాడితే, రవ్వ ఊసెత్తకుండా ఉప్మా గురించి మాట్లాడినట్టే ఉంటుంది. అందుకని అటూ ఇటూ తిరుగుతాను, సర్దుకోండి.

ముందు నా ఏడుపు కాస్త. రెండు ఆల్బమ్‌లూ స్ట్రీమింగ్‌లో దొరుకుతాయి, అయినా నాకు చేతిలో డిస్క్ ఉండాలి, అదో జబ్బు. సెకండ్ హ్యాండ్ సీడీలు అమ్మే ఒకాయనకి కొరియర్‌తో కలిపి 1,100 కట్టి ‘కమింగ్ హోమ్’ తెప్పించుకున్నాను. ‘ఎక్సలెంట్ కండిషన్’ అని రాశాడు మహానుభావుడు. వచ్చాక చూస్తే కేసు మూత విరిగిపోయింది, డిస్క్‌ని పట్టుకునే మధ్య పళ్ళు రెండు ఊడిపోయి లోపల గిలక్కాయలా గలగలమంటున్నాయి, అన్నిటికన్నా బాధ, లోపల ఉండాల్సిన చిన్న పుస్తకం లేదు. పాటలన్నీ టిబెటన్‌లో, నాకు అందులో ఒక్క ముక్క రాదు, ఆ పుస్తకం లేకపోతే నేను గుడ్డివాడినే. ఫోన్ చేసి అడిగితే ‘మీరు పాట వింటారా, పుస్తకం చదువుతారా సార్’ అన్నాడు. ఆ ప్రశ్నకి ఇప్పటికీ సమాధానం తట్టలేదు.

సరే, ఈవిడ ఎవరంటే, టిబెట్ రాజధాని ల్హాసా దగ్గర పుట్టింది. పుట్టేసరికే టిబెట్ చైనా చేతిలో ఉంది, ఇంట్లో గట్టిగా ప్రార్థన చేసుకునే పరిస్థితి లేదు. చిన్నప్పుడే తివాచీల ఫ్యాక్టరీలో పనికి పెట్టారు. పాటలు నేర్పింది అమ్మమ్మట, అదీ బయటికి వినపడకుండా. 1989లో కాలినడకన హిమాలయాలు దాటి మన హిమాచల్ ప్రదేశ్‌లోని ధర్మశాల ఊరు చేరింది, కొన్నాళ్ళకి ఆస్ట్రేలియా వెళ్ళింది, అక్కడ చేసిన మొదటి ఆల్బమ్‌కే 1995లో ఆరియా అవార్డు వచ్చింది. అది అక్కడ సంగీతానికి ఇచ్చే పెద్ద అవార్డు. ఆ తర్వాతే రియల్ వరల్డ్ వాళ్ళు పిలిచారు. ఇదంతా మీకు ఎక్కడైనా దొరుకుతుంది కాబట్టి సాగదీయను. ఒక్క విషయం మాత్రం మనసులో పెట్టుకోండి, గొంతు బయటికి రాకుండా పాట నేర్చుకున్న మనిషి ఈవిడ. మొదటి ఆల్బమ్‌లు వింటుంటే, ఎవరూ ఆపేవాళ్ళు లేని చోట గొంతు విప్పితే ఎలా ఉంటుందో తెలుస్తుంది.

‘టిబెట్, టిబెట్’లో ఎక్కువ భాగం వాద్యాలే లేవు. శ్రుతి పెట్టె కూడా లేకుండా ఒక్క మనిషి నిలబడి పాడితే ఎలా ఉంటుందో అలా. కింద స్థాయిలో మొదలుపెట్టి, తొందర లేకుండా పైకి వెళ్ళి, పైన ఒక స్వరాన్ని పట్టుకుని అక్కడే నిలబడుతుంది, నిలబడటమంటే మనవాళ్ళు కార్వై ఇచ్చినట్టు, అంటే ఒకే స్వరాన్ని సాగదీసినట్టు, సూటిగా కాదు, చివర్లో గొంతు చిన్నగా మడత పడి జారుతుంది. చాలా చోట్ల ఐదు స్వరాల మీదే నడుస్తుంది కాబట్టి మన చెవికి మొదట మోహన రాగంలా తగులుతుంది, ఆహా దొరికింది అనుకుని మనం తల ఊపబోయేలోపు ఎటో వెళ్ళిపోతుంది. అందులో మణి మంత్రం ఉంది, మనం ‘ఓం మణిపద్మే హుం’ అంటామే, అదే. టిబెటన్లు ‘పద్మే’ని ‘పేమే’ అని పలుకుతారు. మన సంస్కృత ముక్క హిమాలయాలు దాటి ఇలా నునుపు దేలి తిరిగొచ్చిందే అని భలే ముచ్చటేసింది నాకు.

తెనాలిలో మా ఇంట్లో ఒకసారి ఇది పెట్టాను. అమ్మ వంటింటి గడప దగ్గర కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, ‘ఎవర్రా ఆవిడ, కొండ మీద నుంచి ఎవరినో కేకేస్తున్నట్టుంది’ అంది. రెండో పాట సగంలో ఉండగా, ‘ఇంక చాల్లే నాన్నా, ఆపెయ్, గుండెల్లో అదోలా ఉంది’ అంది. మా అమ్మ త్యాగరాజ కీర్తనలు తప్ప ఇంకేదీ నిమిషం మించి వినదు, ఆవిడ ఒకటిన్నర పాట వినడమే రికార్డు. కానీ ఆవిడన్న ఆ రెండో మాట నిజం. ఆ ఆల్బమ్ పెట్టుకుని వేరే పని చేసుకోలేం. గిన్నెలు తోముకుంటూ వినలేం, బండి నడుపుతూ వినలేం, నిద్ర పట్టడానికి అసలే పనికిరాదు, ఉన్న నిద్ర పోతుంది. అయిదేళ్ళుగా నా దగ్గరుంది, మొదటి నుంచి చివరి దాకా కూర్చుని విన్నది పదిసార్లకి మించదు.

‘కమింగ్ హోమ్’ ఎన్నిసార్లు విన్నానంటే లెక్కలేదు. ఇదే నాకు మొదట్లో సిగ్గుగా అనిపించిన విషయం, అసలు ఈ రివ్యూ రాయాలనిపించడానికి కారణం కూడా అదే.

ఎందుకు సిగ్గంటే, ఇది ‘కలిపిన’ ఆల్బమ్. దీన్ని తయారుచేసింది హెక్టర్ జాజూ అనే ఫ్రెంచ్ సంగీతకారుడు, 2008లో పోయాడు. ఈయన పనే అది, కోర్సికా దీవి జానపద గాయకుల్ని తీసుకొచ్చి ఎలక్ట్రానిక్ మోతల మధ్య కూర్చోబెట్టాడు, ఉత్తర సముద్రాల చుట్టుపక్కల పాటలన్నీ పోగేసి 1994లో ఐస్‌లాండ్ గాయని బ్యోర్క్ లాంటి వాళ్ళతో ఒక ఆల్బమ్ చేశాడు. అలాంటి మనిషి చేతికి ఈవిడ గొంతు దొరికింది. నేను డిస్క్ పెట్టేముందే తీర్పు రాసేసుకున్నాను, చక్కటి ముద్దపప్పులో సాస్ పోసి పాడుచేసుంటాడు అని.

మొదటి పాటలోనే నా తీర్పు వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. ఆయన చేసిన తెలివైన పని ఏంటంటే, ఈవిడ పక్కన వాద్యాలు తెచ్చి నిలబెట్టే కన్నా ఈవిడ పక్కన ఈవిడనే నిలబెట్టాడు. గొంతు మీద గొంతు, దాని మీద ఇంకో గొంతు, పొరలు పొరలుగా. ఒకటి పాట పాడుతుంటే ఇంకోటి వెనక నుంచి సన్నగా దీర్ఘం తీస్తుంది, మూడోది ఎక్కడో గుసగుసలాడుతుంది. రాత్రి పదకొండు దాటాక మంచి ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వింటే, మన ఊళ్ళలో భజన జరిగేటప్పుడు గుడి వెనకాల ప్రాకారం దగ్గర నిలబడితే గోడల నుంచి తిరిగొచ్చే మోత ఉంటుంది చూడండి, అలా ఉంటుంది, మాట తెలియదు కానీ చుట్టూ ఉంటుంది. మామూలు ఫోన్ స్పీకర్లో వింటే మాత్రం ఇందులో సగం చచ్చిపోతుంది. అడుగున ఉండే మోత అసలు వినపడదు, మిగిలేది సన్నటి గొంతు ఒక్కటే, అప్పుడు ‘ఇంతోటిదానికేనా’ అనిపిస్తుంది. కాబట్టి ఫోన్లో రెండు నిమిషాలు విని బాగాలేదని తేల్చేయకండి.

ఇక నచ్చనివి. మధ్యలో రెండు మూడు పాటల్లో తాళం వస్తుంది, అదే ఇబ్బంది. ఈవిడ పాటకి లయ లేదని కాదు, ఊపిరిని బట్టి నడిచే లయ అది, ఒక పాదం కాస్త సాగుతుంది, ఇంకోటి తొందరగా ముగుస్తుంది. దాని కింద గడియారంలా కొట్టే దెబ్బ పెట్టేసరికి ఆవిడ ఆ దెబ్బకి సర్దుకుని పాడుతున్నట్టు తెలిసిపోతుంది, పెళ్ళిలో కొత్త చెప్పులేసుకుని నడిచినట్టు. పైగా 1998 నాటి ఆ మోతలకి వయసు మీద పడింది. అప్పట్లో కొత్తగా ఉండుంటాయి, ఇప్పుడు మన ఊళ్ళో స్పాకి వెళ్ళినా ఊపిరి తీసి వదలండి అని చెప్పే యాప్ తెరిచినా అలాంటివే వినిపిస్తాయి. ఒకసారి కార్లో శ్రీశైలం వెళుతూ పెట్టాను, వెనక సీట్లో వాడు ‘ఒరేయ్, యోగా క్లాసుకి తీసుకెళ్తున్నావా’ అన్నాడు. కోపం వచ్చింది, కానీ ఆ పాట వరకు వాడన్నది తప్పు కాదు. ఆరో పాటలో నా డిస్క్ మీద గీత వల్ల ఒకచోట టక్కున ఎగురుతుంది, నిజం చెప్పాలంటే ఆ పాటకి అది పెద్ద నష్టం కాదు.

ఇంతవరకే అయితే ఐదుకి మూడున్నర ఇచ్చి ఊరుకునేవాణ్ణి. మొన్న చలికాలం విజయవాడలో ఒకటి జరిగింది.

ఏటా నవంబరు వచ్చేసరికి మన ఊళ్ళలోకి స్వెట్టర్లు అమ్మే టిబెటన్లు దిగుతారు కదా, చిన్నప్పటి నుంచి చూస్తున్నాం, వాళ్ళని ‘నేపాలీవాళ్ళు’ అని పిలవడం కూడా మనకి అలవాటు, ఎన్నిసార్లు కాదని చెప్పినా. పిల్లకి స్వెట్టర్ కొందామని వెళ్ళాను. కొట్లో అరవై ఏళ్ళావిడ, సంచి విప్పి స్వెట్టర్లు ఒకదాని మీద ఒకటి పరుస్తోంది, తెలుగు బేరానికి సరిపడా వచ్చు, మిగతాదంతా హిందీ. బేరం అయ్యాక ఊరుకోకుండా, ‘అమ్మా, మీ పాట ఒకటి నా దగ్గరుంది, వింటారా’ అన్నాను. ఆవిడ చెయ్యి తుడుచుకుని ఒక ఇయర్‌ఫోన్ చెవిలో పెట్టుకుంది, రెండోది నా చెవిలో. ముందు ‘టిబెట్, టిబెట్’లో మణి మంత్రం పెట్టాను. ఆవిడ ముఖంలో ఏ మార్పూ లేదు. పది సెకన్లకి పెదాలు కదలడం మొదలైంది, పాటతో పాటు కాదు, తన వేగంతో తను, రోజూ జపం చేసేవాళ్ళకి ఉండే వేగం. ఈలోగా ఇంకొకాయన వచ్చి మంకీ క్యాప్ ఎంత అని అడిగితే, పెదాలు ఆడిస్తూనే వేళ్ళతో ధర చూపించి, డబ్బులు తీసుకుని, చిల్లర ఇచ్చేసింది. జపం ఆగలేదు.

పాడినావిడ పేరు చెప్పాను. నేను ఇంగ్లీషు స్పెల్లింగ్ చూసి ఇన్నాళ్ళూ ‘యుంగ్‌చెన్’ అంటున్నాను, ఆవిడ నవ్వి ‘యాంగ్‌చెన్’ అని సరిచేసింది. ‘యాంగ్‌చెన్ ల్హామో అంటే ఎవరో తెలుసా? మీ సరస్వతి. మా ఊళ్ళో ఇంటికో యాంగ్‌చెన్ ఉంటుంది’ అంది. ఇన్నేళ్ళూ సరస్వతి పేరు పెట్టుకున్నావిడ పాట వింటూ ఆ సంగతే తెలియదు నాకు, పుస్తకం ఉంటే అందులో ఉండేదేమో, ఆ సీడీ ఆయన్ని మళ్ళీ తలుచుకున్నాను. ఆవిడే చెప్పింది, 2006 జనవరిలో దలైలామా కాలచక్ర అనే బౌద్ధ దీక్ష ఇచ్చినప్పుడు తను కూడా అమరావతి వచ్చిందట. మనకి అది ట్రాఫిక్‌గానూ టీవీలోనూ గుర్తుంది, ఆవిడకి పుట్టింటికి వెళ్ళినంత సంబరం. అమరావతి దగ్గరి పాత ఊరు ధాన్యకటకం, ఆ పేరునే టిబెటన్‌లోకి మార్చి డ్రేపుంగ్ అంటారని, ల్హాసా పక్కన 1416లో కట్టిన అంత పెద్ద మఠానికి మన ఊరి పేరే పెట్టుకున్నారని చెబుతూ రెండు చేతులూ జోడించింది. నేను రోజూ ఆ ఊరి మీదుగా తెనాలి నుంచి వెళ్ళేవాణ్ణి కొన్నాళ్ళు. ఒక్కసారి కూడా దిగలేదు.

తర్వాత ‘కమింగ్ హోమ్’ పెట్టాను. మూడు నిమిషాలు మర్యాదగా విని ఇయర్‌ఫోన్ తీసి నా చేతిలో పెట్టింది. ‘బాగుంది. కానీ ఇది బయటివాళ్ళ కోసం చేసింది’ అంది. అందులో ఈసడింపు లేదు, ఈ సైజు మీ పాపకి పట్టదు అని చెప్పినట్టు చెప్పింది, అంతే. నాకు కాస్త గుచ్చుకుంది, ఎందుకంటే ఆ బయటివాణ్ణి నేనే.

అప్పుడు తన ఫోన్ తీసి ఒక వీడియో చూపించింది. గడ్డి మైదానం, గొర్రెతోలు అంచు కోటు, కౌబాయ్ టోపీ, ఒక కుర్రాడు కూర్చుని పాడుతున్నాడు. చేతిలో మాండొలిన్. నేను ఫోన్ లాక్కుని మరీ చూశాను, అవును, మాండొలినే. అది దుంగ్‌లెన్ అట, అంటే ‘మీటుతూ పాడటం’. ఇంటికొచ్చి తవ్వాను. టిబెట్‌లో ఆమ్‌దో అనే ఈశాన్య ప్రాంతం ఉంది, అక్కడి పశువుల కాపరుల పాటల్ని 1980ల నుంచి మాండొలిన్ మీద పాడటం మొదలుపెట్టారు, పల్గోన్ లాంటి గాయకులు క్యాసెట్ల మీద ఊరూరా పాకారు. మాండొలిన్ వాళ్ళది కాదు, మనదీ కాదు, ఇటలీది. ఇప్పుడు అక్కడ పిల్లాణ్ణి అడిగితే మా తాతల నాటి వాద్యం అంటాడేమో, పాలకొల్లు పిల్లాడు కర్ణాటక సంగీతం దాని మీద వాయించి మన చేత ఒప్పించినట్టు.

అక్కడ నాకు ‘కమింగ్ హోమ్’లో ఏది కుదిరింది, ఏది కుదరలేదు అనేది విడిపోయింది. దుంగ్‌లెన్ పాడేవాడు తన గొంతుకి తనే మీటుకుంటాడు, ఎక్కడ ఊపిరి తీస్తే అక్కడ తీగ కూడా ఆగుతుంది, అరువు తెచ్చుకున్న వాద్యమైనా వాడి వేళ్ళ కింద ఉంది. శ్రీనివాస్ సంగతీ అంతే. ‘కమింగ్ హోమ్’లో జాజూ ఈవిడ గొంతునే పేర్చిన పాటల్లో కూడా అంతా ఆవిడ ఊపిరే కాబట్టి కుదిరింది. తాళం పెట్టిన చోట ఇంకొకరి లెక్క వచ్చి కూర్చుంది. పాత కొత్త కలపడం తప్పు అనే వాళ్ళతో నేను ఒప్పుకోను, ఆ కాపరి కుర్రాడి టోపీ చూశాక ఇంక అసలు ఒప్పుకోను, కాకపోతే పాట ఎవరి ఊపిరి మీద నడుస్తోంది అన్నది చెవి పట్టేస్తుంది.

మిగతా ఆల్బమ్‌ల గురించి రెండు ముక్కలు. 2006లో ‘అమా’ వచ్చింది, టిబెటన్‌లో అమా అంటే అమ్మే, అనువాదం అక్కర్లేదు. ఒక పాటలో స్కాట్లాండ్ గాయని యానీ లెనాక్స్ గొంతు కలిపింది. నాకు మరీ నున్నగా అనిపించింది, ఎక్కడా గరుకు తగలదు, కొత్తగా వినేవాళ్ళకి మాత్రం తేలిగ్గా ఎక్కుతుంది. 2013లో ఆంటన్ బతాగోవ్ అనే రష్యన్ పియానిస్టుతో చేసిన ‘తాయాథా’ దానికి పూర్తిగా తేడా. ఒక్క పియానో, ఒక్క గొంతు. బతాగోవ్ ఆవిడ కోసం ఆగుతాడు, ఒక్కోసారి చాలాసేపు ఆగుతాడు, ఆ ఆగడం నాకు చాలా ఇష్టం. జాజూకి ఎలక్ట్రానిక్స్ కాస్త తగ్గించి ఈ ఓపిక ఇచ్చుంటే ఎలా ఉండేదో.

డబ్బు సంగతికొస్తే, ‘కమింగ్ హోమ్’ సీడీకి 1,100 ఎక్కువ. ముందు స్ట్రీమింగ్‌లో వినండి, కానీ షఫుల్‌లో పెట్టకండి, మధ్యలో సినిమా పాట దూరితే ఏదీ మిగలదు. మొదటిసారి మొదటి పాట, ఆఖరి పాట వినండి చాలు, తాళం ఉన్నవి తర్వాత చూసుకోవచ్చు. ఇంట్లో ఎవరూ లేనప్పుడు, కరెంటు పోయిన రోజైతే ఇంకా మంచిది. అది నచ్చితే ‘టిబెట్, టిబెట్’ మాత్రం కొనుక్కోండి, అది ఎప్పుడో ఒక రాత్రి అవసరం పడుతుంది. యోగా కోసమో ధ్యానం కోసమో బ్యాక్‌గ్రౌండ్ వెతుక్కునేవాళ్ళు దయచేసి అటు వెళ్ళకండి, మీకూ సుఖం ఉండదు, ఆవిడకీ ఉండదు. ‘కమింగ్ హోమ్’కి ఐదుకి మూడున్నరే ఇస్తున్నాను, ఆ స్వెట్టర్ల ఆవిడ మాట విన్నాక కూడా తగ్గించలేదు, పెంచలేదు. మొన్న రాత్రి కూడా విన్నాను.

పాప స్వెట్టర్ సైజు నిజంగానే పట్టలేదు, మార్చుకోవడానికి వెళ్ళేసరికి కొట్టు ఎత్తేశారు. వచ్చే నవంబరుకి ఆవిడ మళ్ళీ వస్తే దుంగ్‌లెన్ పాటల పేర్లు రాయించుకోవాలి. ఈలోగా ఎవరి దగ్గరైనా ‘కమింగ్ హోమ్’ సీడీ పుస్తకంతో సహా ఉంటే, పాటల అర్థాలున్న పేజీలు ఫోటో తీసి పంపండి, నాలుగో పాటలో ఆవిడ పదే పదే అనే ఆ ఒక్క మాట ఏంటో తెలియక చస్తున్నాను.